తూము తెరిచిన దేవుడు

ఈతకుంటపాలెం తూము మూతపడి పుష్కరం దాటింది. మూసిన మనిషెవరో ఎవరికీ గుర్తు లేదు. తెరవబోయిన వాళ్లు మాత్రం అందరికీ గుర్తే. ఏటా వేసవిలో ఒక ఇంజనీరు జీపు దిగేవాడు. కూలీల చేత తూము మీదున్న ఇనప చక్రం తిప్పించేవాడు. చక్రం కదిలేది కాదు. ఇంజనీరు కొబ్బరిబొండం తాగి, కొత్త తూముకు అంచనా వేసుకుని వెళ్లిపోయేవాడు. కింద చివరి భూముల రైతులు వరి మానేసి మినుము వేశారు. తర్వాత మినుము మానేసి సుబాబుల్ వేశారు. తర్వాత కొందరు ఆటోలు కొన్నారు.

ఆ ఏడు ఆ సెక్షనుకు హైమావతి ఏఈగా వచ్చింది. ఏఈ అంటే అసిస్టెంటు ఇంజనీరు. సాగునీటి శాఖ ఇంజనీర్లలో కింది మెట్టు. ఆమె తూము గట్టు మీద కూర్చుని క్యారేజీ విప్పి పెరుగన్నం తింటూ చక్రం వంక చూసింది. కాలువ కాపలా చూసే లస్కరు యాకోబు పక్కనే నిలబడి తూము చరిత్ర చెప్పాడు. ఎంత బలంగా తిప్పితే అంత బిగుసుకుంటోందన్నాడు. కిందటేడు ట్రాక్టరు కట్టి లాగితే ట్రాక్టరే పక్కకు ఒరిగిందన్నాడు.

హైమావతి క్యారేజీ మూతపెట్టి చక్రం కింది ఇనప కమ్మీని తుడిచింది. మిగతా తూముల్లో ఆ కమ్మీకి మర చుట్లు ఒకవైపు వాలి ఉంటాయి. దీనికి రెండోవైపు వాలి ఉన్నాయి.

"ఎప్పుడైనా అటు తిప్పి చూశారా?" అని అడిగింది.

"అటెందుకు తిప్పుతామండీ. బోర్డు ఇటు తిప్పమని చెబతంటే."

తూము పక్కన శాఖవారి బోర్డు ఉంది. తెరుచుటకు కుడివైపు తిప్పవలెను, అతిక్రమించినవారు శిక్షార్హులు అని రాసి ఉంది. జిల్లాలో తూములన్నిటికీ అదే బోర్డు. పుష్కర కాలం పాటు శాఖ యావత్తూ బోర్డును గౌరవించి, తూమును ఇంకా ఇంకా బిగించుకుంటూ వచ్చింది.

ఇద్దరూ అటూ ఇటూ చూశారు. గట్టు మీద ఒక గేదె తప్ప ఎవరూ లేరు. చెరోవైపు పట్టుకుని ఎడమకు తిప్పారు. చక్రం ఒకసారి కీచుమంది. తర్వాత తిరిగింది. నీళ్లు ఎంత వేగంగా వచ్చాయంటే గట్టు కింద విడిచిన యాకోబు చెప్పులు వాటితోపాటు వెళ్లిపోయాయి. చివరి భూములకు ఆ కాలువలో ముందుగా చేరినవి ఆ చెప్పులే.

హైమావతి తన పై అధికారి పరాంకుశానికి ఫోను చేసింది. ఆయన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. కింది వాళ్ల పని పైకి వెళ్లేలోపు దారిలో ఆయన పేరు చేరుతుందని డివిజను మొత్తానికి తెలుసు. ఆయన ఆసాంతం విని, తనను అడిగే తిప్పావా అని అడిగాడు. లేదంది. ఇప్పుడు అడుగుతున్నావు కదా అన్నాడు. తిప్పేశానంది.

"అయితే నేను చెబుతున్నాను. ఇంకో చుట్టు తిప్పు."

ఆమె ఇంకో చుట్టు తిప్పింది. నీళ్ల వేగంలో తేడా రాలేదు. పని మాత్రం ఆ చుట్టుతో పరాంకుశానిది అయిపోయింది.

మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. శీర్షిక అపర భగీరథుడు. పరాంకుశం చక్రం మీద చెయ్యి వేసి ఉన్నాడు. తుప్పు అంటకుండా చేతికీ చక్రానికీ మధ్య రుమాలు ఉంది. ఆయన తల మీద గొడుగు ఉంది. గొడుగు పట్టుకున్న చెయ్యి హైమావతిది. ఫొటోలో ఆమె చెయ్యి వరకే పడింది. కింద వార్తలో పరాంకుశం తాను విలోమ భ్రమణ విధానాన్ని రూపొందించినట్టు వివరించాడు. హైమావతి కూతురు సిరి పదో తరగతి. పేపరు చూసి, ఆ గాజులు నీవే కదమ్మా అంది.

హైమావతికి అది కొత్త కాదు. ఇదివరకు లాకుల మరమ్మతు పరాంకుశం చేశాడు, కట్ట గండి పరాంకుశం పూడ్చాడు. ఆమె కోరిక పెద్దదేం కాదు. ఒక్క తూము, ఒక్కసారి, తన పేరున ఉండాలని. అడగాలనుకుంది. అడిగేలోపు రాజధాని నుంచి సర్క్యులరు వచ్చింది.

దాన్ని రాసింది చీఫ్ ఇంజనీరు దామోదరం. తనకు చెప్పకుండా తన కింద ఒక భగీరథుడు తయారు కావడం ఆయనకు నచ్చలేదు. సర్క్యులరు ఇలా ఉంది. ఇకమీదట శాఖలో జరుగు ఏ పనికైనను, ఆ పనికి మార్గదర్శనము చేసిన వారిలో అత్యున్నత వ్యక్తియే కర్తగా పరిగణింపబడును. చేతితో చేసినవారు పనిముట్టుగా పరిగణింపబడుదురు. సందేహములున్నచో అవి కూడా పై అధికారివిగానే పరిగణింపబడును.

తర్వాత దామోదరం జ్ఞాపకం చేసుకున్నాడు. వేసవికి ముందు ఒక వీడియో సమావేశంలో ఆయన పరాంకుశంతో, ఏదో ఒకటి చెయ్యండయ్యా అన్నాడు. అదే మార్గదర్శనం. ఆ రోజు నుంచి ఈతకుంటపాలెం తూము తెరిచింది దామోదరం. పరాంకుశం పనిముట్టు. హైమావతి పనిముట్టుకు పనిముట్టు. యాకోబు ఏమవుతాడో సర్క్యులరులో లేదు.

దానికి రెండో పేజీ ఉంది. ఏడాదిలో తన పేరున ఒక్క పని కూడా లేని ఉద్యోగిని నిష్క్రియ సిబ్బందిగా గుర్తించి రాళ్లవాగు ప్రాజెక్టుకు పంపాలి. రాళ్లవాగు ప్రాజెక్టుకు శంకుస్థాపన పూర్వం ఎప్పుడో జరిగింది. ఆ తర్వాత వాగులో నీళ్లు లేవని తేలింది. శిలాఫలకం మాత్రం మిగిలింది. దాన్ని గొర్రెలు ఒరుసుకోకుండా చూడటం అక్కడి సిబ్బంది విధి. అక్కడికి బస్సు లేదు. బడి అసలే లేదు.

ఆ ఏడాది హైమావతి చేసిన పనులన్నీ పైకి వెళ్లిపోయాయి కాబట్టి ఆమె పేరున సున్నా మిగిలింది. బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆమె పరాంకుశం గదిలోకి వెళ్లి, పిల్ల పదో తరగతి అని చెప్పింది. ఒక్క పనైనా తనదని రాస్తే ఆగిపోతానంది.

పరాంకుశం కూడా ఆ రోజుల్లో బాధలోనే ఉన్నాడు. తన తూము తన చేతుల్లోంచి జారిపోయిందని గోడ మీది ఫొటో చూపించాడు. నా వస్తువు నాకే దక్కలేదు, నీకేం ఇస్తానమ్మా అన్నాడు. ఆమె బదిలీ మాట మళ్లీ ఎత్తింది.

"పనిముట్టుకు బదిలీ ఏమిటమ్మా. తరలింపు అంటారు దాన్ని," అని సరిదిద్దాడు.

తరలింపు నెలాఖరుకు పడింది. ఈలోగా సాగునీటి శాఖ మంత్రిగారు తూము ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. తూము అప్పటికే తెరిచి ఉంది కాబట్టి ప్రారంభోత్సవం కోసం మూశారు. రైతులు ఎందుకు మూశారని అడిగితే, తెరవడానికి అని చెప్పారు.

మంత్రిగారు వచ్చి, పూజ చేసి, బోర్డు చదివి, చక్రాన్ని కుడికి తిప్పారు. అటు కాదని ఎవరూ అనలేదు. మంత్రిగారు రెండోసారి తిప్పారు. మేళం వాళ్లు వాయించిందే మళ్లీ వాయించారు. చివరికి హైమావతి చక్రానికి రెండోవైపు నిలబడి, ఆయన కుడికి తోస్తుండగా తాను ఎడమకు లాగింది. ఆమె పొద్దున తిన్న రెండు ఇడ్లీలు మంత్రిగారి హోదా కంటే బలంగా పనిచేశాయి. నీళ్లు వచ్చాయి. చప్పట్లు మోగాయి.

మంత్రిగారు మైకు అందుకున్నారు. అందరూ పొగిడాక వినయం చూపడం ఆయనకు అలవాటు. ఎదురుగా గట్టు మీద జలకేశవస్వామి గుడి కనపడింది. ఆయన దానివైపు చేతులు జోడించారు.

"ఇందులో నా గొప్ప ఏమీ లేదు. మా అధికారుల గొప్ప అంతకన్నా లేదు. మేమంతా నిమిత్తమాత్రులం. దారి చూపించింది, దగ్గరుండి చేయించింది ఆ జలకేశవస్వామి."

జనం గోవిందా అన్నారు. దామోదరం కూడా అన్నాడు. అన్న తర్వాత ఆయన ముఖం మారింది.

ఏడాదిలో ఉత్తమమైన పని చేసిన కర్తకు శాఖ జలప్రతిభ పురస్కారం ఇస్తుంది. దామోదరం దానికి సూటు కుట్టించుకున్నాడు. కానీ సర్క్యులరు ప్రకారం కర్త అంటే అత్యున్నత మార్గదర్శకుడు. దారి చూపించింది స్వామి అని శాఖకు మంత్రి అయిన మనిషి మైకులో చెప్పారు, వీడియో ఉంది. స్వామి కాదనాలంటే మంత్రిగారు అబద్ధం చెప్పారనాలి. స్వామి అత్యున్నతుడు కాదనాలంటే అంతకంటే కష్టం. ఎంపిక సంఘం రోజంతా కూర్చుని, స్వామి పైన ఇంకెవరైనా మార్గదర్శకులు ఉన్నారా అని దేవాదాయ శాఖను అడిగింది. లేరని జవాబు వచ్చింది. పురస్కారం జలకేశవస్వామికి ప్రకటించారు.

సన్మాన సభ జిల్లా కేంద్రంలో జరిగింది. స్వామి తరఫున గుడి కార్యనిర్వహణాధికారి ముకుందరావు వేదికెక్కాడు. శాలువా కప్పించుకున్నాడు. శాలువా స్వామికి కప్పకుండా తనకెందుకు కప్పారో సభకు వివరించాలనిపించింది. మైకు దగ్గరకు వెళ్లి, న్యాయస్థానాల తీర్పుల ప్రకారం గుడిలో దేవుడు శాశ్వత మైనరు అని చెప్పాడు. ఎన్ని యుగాలు గడిచినా స్వామి తన ఆస్తి తాను చూసుకోలేని బాలుడి కిందే లెక్క. ఆ బాలుడికి సంరక్షకుణ్ని నేను. కాబట్టి ఆయన చేసిన పనికి దక్కే గౌరవం నా భుజాల మీద ఉంటుంది. సభ మెచ్చుకుంది.

మూడో వరుసలో కూర్చున్న ఒక మనిషి మాత్రం చప్పట్లు కొట్టలేదు. వింటూ ఉండిపోయాడు. అతను కార్మిక శాఖ అధికారి పిచ్చేశ్వరరావు.

అది బాలకార్మిక విముక్తి మాసం. ప్రతి అధికారి పనిలో ఉన్న పిల్లల్ని కనిపెట్టి విడిపించాలి. నెల ముగియవస్తోంది, పిచ్చేశ్వరరావుకు ఒక్క పిల్లవాడూ దొరకలేదు. అతని జీపు హారను వినగానే హోటళ్లలో బల్లలు తుడిచే పిల్లలు పెరటి దారిన మాయమయ్యేవారు. హారను కొట్టకుండా వెళ్లొచ్చన్న ఆలోచన శాఖలో ఎవరికీ రాలేదు. ఆ నిరాశలో ఉండగా ఒక ప్రభుత్వాధికారి మైకులో నిలబడి, ఒక మైనరు పని చేశాడనీ, ఆ పని ఇనప చక్రంతో కూడినదనీ, చేయించుకున్నది ప్రభుత్వ శాఖ అనీ, గౌరవం మాత్రం సంరక్షకుడు పుచ్చుకుంటున్నాడనీ ఒప్పుకున్నాడు.

నోటీసు మర్నాడే వెళ్లింది. ప్రవహించు నీటిపై, రక్షణ పరికరములు లేకుండా, వేతనము చెల్లింపక, శాశ్వత మైనరు చేత ప్రమాదకరమైన పని చేయించుకున్నందున చర్య ఏల తీసుకొనరాదో తెలియజేయవలెను. చేయించుకున్నవారిగా మంత్రి, చీఫ్ ఇంజనీరు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. పంపిన సంరక్షకుడిగా ముకుందరావు. చట్టంలో జైలు ఉంది.

ముకుందరావు శాలువా వెనక్కి పంపించాడు. స్వామి ఉత్సవానికి తప్ప గుడి దాటడనీ, దాటినా పల్లకిలోనే వెళతాడనీ, చక్రం ముట్టుకోవడం ఆయనకు ఎవరూ నేర్పలేదనీ రాసిచ్చాడు.

అప్పుడు ఘనత కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎక్కడానికి పట్టిన కాలం దిగడానికి పట్టలేదు.

మంత్రిగారు ఒక ప్రకటన చేశారు. తాను స్వామి అన్నది దామోదరం గారిని ఉద్దేశించి. ఇంట్లో ఆయన్ని అలాగే పిలుస్తాం. చేతులు గుడివైపు తిరగడం యాదృచ్ఛికం.

దామోదరం అదే రోజు సర్క్యులరుకు సవరణ తెచ్చాడు. ఏదో ఒకటి చెయ్యండయ్యా అనడం మార్గదర్శనం కాదు, ఊతపదం. ఆ ఏదో ఒకటి ఏమిటో కనిపెట్టినవాడే కర్త. కాబట్టి కర్త పరాంకుశం, మైనరు చేత చేయించిందీ ఆయనే.

పరాంకుశం మళ్లీ భగీరథుడయ్యాడు. ఆ రోజు గోడ మీది ఫొటో దించి బీరువా వెనక పెట్టాడు.

తర్వాత హైమావతి ఇంటికి వెళ్లాడు. కింది ఉద్యోగి ఇంటి మెట్లు ఆయన అంతకుముందు ఎప్పుడూ ఎక్కలేదు. చేతిలో పూతరేకుల పెట్టె ఉంది. ఇల్లంతా అట్టపెట్టెలు. హైమావతి వంటసామాను సర్దుతోంది. సిరి అలిగి ఒక మూల ఫిజిక్సు పుస్తకం పట్టుకుని కూర్చుంది. రాళ్లవాగులో ట్యూషను ఎవరు చెబుతారు, గొర్రెలా అని తల్లిని అడుగుతోంది.

పరాంకుశం అట్టపెట్టె మీద కూర్చున్నాడు. పిల్ల ఎదిగిందన్నాడు. ఎండలు ఎక్కువన్నాడు. తర్వాత అసలు మాటకు వచ్చాడు.

"అమ్మా హైమావతీ, ఆ తూము తిప్పింది నువ్వే కదూ."

"నేను పనిముట్టును కదా సార్."

"ఎవరమ్మా నిన్నంత మాట అన్నది?"

"సర్క్యులరు సార్. దాని నకలు మీరే సంతకం పెట్టి ఇచ్చారు."

ఆయన కాసేపు పూతరేకుల పెట్టె దారం విప్పాడు, మళ్లీ కట్టాడు. విచారణలో నువ్వే చేశానని ఒక్క మాట చెబితే చాలు, బదిలీ సంగతి నేను చూసుకుంటానన్నాడు. హైమావతి తనకు అంత అవసరం లేదంది. తూము తనది అని రాస్తే సున్నా పోతుంది, సున్నా పోతే బదిలీ దానంతటదే పోతుంది. కాకపోతే ఎవరి మార్గదర్శనమూ లేకుండా చేసిందని స్పష్టంగా రాయాలి. సగం రాస్తే రేపు ఇంకెవరో మిగతా సగానికి వస్తారు.

పరాంకుశం నొచ్చుకున్నాడు. జైలు ఎంత భయమో, పేరు పోవడం అంత బాధ.

"ఒక్క పిసరు మార్గదర్శనం ఉంచమ్మా. ఇంకో చుట్టు తిప్పమని ఫోనులో అన్నాను కదా."

"ఆ చుట్టుకు శిక్ష మీకే పడుతుంది సార్."

"అయితే వద్దులే," అన్నాడు.

వెళుతూ పూతరేకులు సిరి చేతిలో పెట్టాడు. ఇవి మాత్రం నేనే కొన్నాను అని చెప్పాడు.

విచారణ తూము గట్టు మీదే జరిగింది. షామియానా వేశారు. పిచ్చేశ్వరరావు బల్ల వేసుకుని కూర్చున్నాడు. చివరి భూముల రైతులు ఆటోల్లో వచ్చి ఒడ్డున కూర్చున్నారు. ఇంతమంది పెద్దలు ఒకచోట చేరి, తమ వల్ల ఏమీ కాలేదని పోటీపడి చెప్పుకోవడం వాళ్లు అంతకుముందు చూడలేదు.

మంత్రిగారి తరఫున వచ్చిన కార్యదర్శి, సాగునీటి శాఖ తమదేనన్న విషయం మంత్రిగారికి ఈ మధ్యనే తెలిసిందని వాంగ్మూలం ఇచ్చాడు. దామోదరం తాను ప్రమోషను వచ్చిన తర్వాత కాలువ చూడలేదన్నాడు. ఇదేనా కాలువ అని అడిగి, ఆ అడగడాన్నే సాక్ష్యంగా రాసుకోమన్నాడు. పిచ్చేశ్వరరావు తూము చూపించి ఇదేమిటని అడిగితే, బావి కావచ్చునన్నాడు. పరాంకుశం ముందు ఫొటో పెట్టారు. ఆ చెయ్యి తనదేనని ఒప్పుకున్నాడు. కానీ మధ్యలో రుమాలు గమనించాలన్నాడు. ఆ చక్రం తన చేతికి ఏనాడూ తగల్లేదు. కావాలంటే రుమాలును పిలిపించి అడగవచ్చు. ఒడ్డున ఒక రైతు, ఇన్నాళ్లూ మనకి నీళ్లు ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసిందిరా అని పక్కవాడితో అన్నాడు.

పిచ్చేశ్వరరావు సంతోషంగా లేడు. తూము మనిషి తెరిచిందని తేలితే అతనికి దొరికిన ఒక్కగానొక్క బాలుడు చేజారిపోతాడు. పైగా అతని కమిషనరు అప్పటికే పత్రికలవారిని పిలిచి, తన మార్గదర్శనంలో సాక్షాత్తు భగవంతుడినే వెట్టి నుంచి విడిపించామని ప్రకటించాడు. అతను హైమావతిని పిలిచి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆడమనిషివి. అంత బరువు చక్రం. కొంచెమైనా స్వామి చెయ్యి పడలేదంటావా? ఒక్క వేలు?"

అందరూ ఆమె వంక చూశారు. పడిందంటే ఆ ఒక్క వేలితో పని మళ్లీ స్వామిది అవుతుంది, పై వాళ్లు జైలుకూ, తాను రాళ్లవాగుకూ వెళతారు. పై వాళ్ల సంగతి ఆమెకు కొంతసేపు ఇంపుగానే తోచింది. తర్వాత సిరి అట్టపెట్టెల మధ్య చదువుకోవడం గుర్తొచ్చింది.

"స్వామికి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటానండి. ఆయన గుళ్లోనే ఉన్నారు. ఎటు తిప్పాలో చూసింది నేను. తిప్పింది నేనూ యాకోబూ."

పిచ్చేశ్వరరావు ముఖంలో ఆశ కనపడింది. యాకోబు అనే పేరు అతను వినడం అదే మొదటిసారి. అతని వయసెంత అని అడిగాడు. గుంపులోంచి యాకోబు లేచి నిలబడ్డాడు. బట్టతల, తెల్లమీసం.

"వచ్చే ఏడు రిటైర్మెంటండి," అన్నాడు.

తర్వాత ఆమె, యాకోబు కలిసి తూము మూసి చూపించారు, తెరిచి చూపించారు. అధికారులంతా గట్టు మీద వరుసగా నిలబడి, ఎడమకు తిరగడం ఇదే మొదటిసారి చూస్తున్నామని రాసిచ్చారు. ప్రారంభోత్సవం నాడు వాళ్లంతా చక్రం వంక కాక మంత్రిగారి వంకే చూశారు కాబట్టి అది నిజమే.

ఉత్తర్వు వారంలో వచ్చింది. ఈతకుంటపాలెం తూమును ఏఈ హైమావతి, లస్కరు యాకోబు ఏ పై అధికారి మార్గదర్శనమూ లేకుండా తెరిచినట్టు ధ్రువీకరించడమైనది. దానికింద బదిలీ రద్దు. సిరి అట్టపెట్టెలు తెరిచి కుక్కరు బయటికి తీసింది.

కార్మిక శాఖ సంగతి అంత తేలిగ్గా తెగలేదు. కమిషనరు ఒకసారి విడిపించాక, విడిపించలేదనడానికి వీల్లేదు. కాబట్టి స్వామి పని చేయలేదు, కానీ ఆ పని నుంచి విముక్తుడయ్యాడు అని రెండూ రికార్డులో ఉంచారు. విడిపించిన ప్రతి బాలుణ్నీ బడిలో చేర్పించాలి. ఊరి హెడ్మాస్టరు గుడికి వచ్చి స్వామి పేరు ఒకటో తరగతిలో రాసుకున్నాడు. ఒక పలక, ఒక జత యూనిఫాం ఇచ్చాడు. ముకుందరావు వాటిని స్వామి పాదాల దగ్గర పెట్టి హారతి ఇచ్చాడు. హాజరు విషయంలో హెడ్మాస్టరుకు మొదట సందేహం వచ్చింది. స్వామి సర్వాంతర్యామి కాబట్టి రోజూ వచ్చినట్టే అని తేల్చుకున్నాడు. ఆ బడిలో నూటికి నూరు హాజరున్న విద్యార్థి ఆయనొక్కడే.

కేసు మూసేశారని తెలిసిన మర్నాడు పేపర్లో పరాంకుశం మళ్లీ కనపడ్డాడు. ఈసారి ఫొటోలో ఆయన ఆఫీసు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఈతకుంటపాలెం విజయానికి కారణం తాను జోక్యం చేసుకోకపోవడమే అని ఆయన చెప్పాడు. మార్గదర్శనం లేకుండా చేయగలిగేలా సిబ్బందిని తీర్చిదిద్దింది తానే. ఆ సమయంలో తాను కాలువకు ఎంత దూరంలో ఉన్నాడో కూడా చెప్పాడు.

దామోదరం ఊరుకోలేదు. తాను అంతకంటే దూరంలో, రాజధానిలో ఉన్నాడు. కాబట్టి తన జోక్యరాహిత్యం పరాంకుశం దానికంటే గొప్పది. కొత్త సర్క్యులరు వచ్చింది. పని స్థలమునకు ఎవరు ఎంత దూరముగా నుండిరో, ఘనత వారికి ఆ మేరకు చెందును. మంత్రిగారు ఆ పద్దులో తనను ఎవరూ దాటకూడదని విదేశీ పర్యటనకు వెళ్లారు.

హైమావతి పేపరు చదివి బల్ల మీద విసిరింది. నాలుగు మెట్లు దిగింది. తర్వాత ఆగి, వెనక్కి వచ్చి, పేపరు తీసి మళ్లీ చదివింది. ఈసారి నింపాదిగా చదివింది. చదివాక సిరిని కేకేసి, కాఫీ పెట్టమంది. కాఫీ తాగుతూ ఎదురుగోడ వంక చూసి నవ్వుకుంది. సిరి ఏమైందమ్మా అంటే, ఏమీ లేదు, పై నుంచి మార్గదర్శనం వచ్చింది అంది.

ఆ తర్వాత ఆ డివిజనులో జీపులు కాలువల వైపు రావడం మానేశాయి. తనిఖీలు ఆగాయి. ప్రారంభోత్సవాలు ఆగాయి, ప్రారంభించడానికి వస్తే దగ్గరికి వచ్చినట్టవుతుంది కనుక. అంచనాల ఫైళ్లు ఎవరూ చెయ్యి వేయకుండానే బల్లలు దాటిపోయేవి. హైమావతి, యాకోబు బోర్డులు తీసేసి ఒక్కో తూమూ సరిచేసుకుంటూ వెళ్లారు. చేసిన వాళ్ల పేర్లు చేసిన పనుల కింద ఉన్నాయి, ఎందుకంటే పై వాళ్లు ఎవరూ ఆ దరిదాపుల్లో ఉన్నట్టు పేరు రాయించుకోవడానికి ఇష్టపడలేదు. చివరి భూముల రైతులు సుబాబుల్ కొట్టేసి నారుమడి పోశారు.

కార్తీకంలో పెద్ద లాకుల మరమ్మతు మొదలుపెట్టే ముందు రోజు హైమావతి పరాంకుశానికి ఫోను చేసింది.

"సార్, రేపు లాకుల దగ్గర పని మొదలుపెడుతున్నాం. మీ మార్గదర్శనం కావాలి."

"చెప్పమ్మా. ఏం చెయ్యమంటావు?"

"రాకండి సార్."

"తప్పకుండానమ్మా," అన్నాడు పరాంకుశం. "ఫొటోగ్రాఫర్ని మాత్రం పంపిస్తున్నాను. నేను లేనట్టు బాగా కనపడాలి."